బాతు కలా, నరసాపురం సంబంధమూ

ఎనభై ఒకటి వేసవి సెలవుల్లో నేను అమలాపురం నుంచి ప్రయాణం కట్టింది ఒక బాతు మూలంగా. అప్పుడు నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. నాన్న నాకు నరసాపురం సంబంధం చూసి, ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "అబ్బాయి చాలా మంచివాడు." ఆ మాట విన్నప్పటి నుంచీ నా కలలోకి తెల్ల బాతు వచ్చి మంచం ఎక్కి కూచుంటోంది.

మా మేనత్త మరియమ్మ రిటైరైన నర్సు. కలల గురించి అడిగితే ఆవిడనే అడగాలని సఖినేటిపల్లి బయల్దేరాను. ఉదయం ఆరున్నరకి రాజోలు బస్సు. ఎడమ వైపు కూచుంటే ఎండ పడదు.

పక్కనున్న పెద్దావిడ "అలా ఉన్నావేం తల్లీ" అని అడిగితే కల సంగతి నోరు జారాను.

"నీటి గండం. పంటు ఎక్కి గోదారి దాటకు," అంది ఆవిడ.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "కాదండి, బాతొస్తే స్థలం కలిసొస్తుందండి. మా బావమరిదికి అలాగే వచ్చింది."

టిక్కెట్లు కొడుతున్న కండక్టరు ఆగి, "ఆడదా అండి, మగదా?" అన్నాడు. తెలీదన్నాను. "అసలు సంగతి అదేనండి," అని ముందుకు వెళ్లిపోయాడు.

రాజోల్లో ఇడ్లీ తిని, బస్సు మారి, పదింటికల్లా అత్తయ్య ఇంటికి చేరాను. ఆవిడ మామిడికాయలు తరుగుతూ అంతా విన్నది.

"బాతంటే బస్సులో వాళ్లకి ఏంటో నాకనవసరం. నీకేంటి?"

నాకేమీ కాదన్నాను. చెప్పాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు కొత్తపేటలో చుట్టాలింట్లో అందరూ చుట్టూ చేరి, "మంచి బాతు, ఏమీ చెయ్యదు, ముట్టుకో" అన్నారు. ఇష్టం లేకుండానే ముట్టుకున్నాను. అది వేలు పట్టుకుని వదల్లేదు. అందరూ నవ్వారు.

"చెయ్యి చూసుకో," అంది అత్తయ్య. నాకు తెలియకుండానే కుడిచెయ్యి పమిటలో దాచుకున్నాను.

"అయితే ఆయన మంచివాడు కాదా అత్తయ్యా?"

"అతన్ని బాతు చూసిందా? అందరూ అన్నారని మళ్లీ చెయ్యి చాపబోతున్నావని నీకు నువ్వే చెప్పుకుంటున్నావు. పద, వెళ్లి చూసొద్దాం."

అన్నం తిని రెండింటికి పంటు ఎక్కాం. రేవులో నీడ లేదు, గొడుగు తప్పనిసరి. అవతలి ఒడ్డున నరసాపురంలో పెళ్లికొడుకు వాళ్లక్క కాఫీ ఇచ్చి, తమ్ముడి పక్కనే కూచుంది.

"పెళ్లయ్యాక నేను ఉద్యోగం మాననండి. మీకిష్టమేనా?" అని ఆయన్ని అడిగాను.

"మావాడికి అన్నీ ఇష్టమేనండి," అంది అక్క.

"పుస్తకాలు చదువుతారా?"

"తీరికెక్కడిదండి," అంది అక్క.

నేను ఆయన్నే చూస్తూ, "మీ పేరేంటండి?" అన్నాను. ఆయన నోరు తెరిచేలోగా "ప్రకాశరావండి" అనేసింది అక్క.

చూసుకుంటే నా చెయ్యి మళ్లీ పమిట కిందే ఉంది. లేచి నిలబడి, "నాకీ సంబంధం వద్దండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తిరిగి రేవుకొచ్చి పంటు ఎక్కబోతుంటే వెనకాల సైకిలు బెల్లు. ప్రకాశరావు గారు రొప్పుతూ దిగేరు.

"మా ఆఫీసులో ఒకావిడంటే నాకిష్టమండి. అక్కకి చెప్పలేకపోతన్నాను," అన్నారు. ఆయన గొంతు వినడం అదే మొదలు.

"మరి ఈ సంబంధానికెందుకు ఒప్పుకున్నారు?"

"మీరైనా వద్దంటారని ఆశండి."

"ఇప్పుడైనా ఇంటికెళ్లి చెప్పు నాయనా," అంది అత్తయ్య.

"ఆయ్, చెప్తానండి. చాలా థాంక్సండి."

పంటు కదిలింది. నాన్నకి ఏం చెప్పాలా అని నాకు భయంగానే ఉంది. సందేహం మాత్రం లేదు. భయమూ సందేహమూ వేరు వేరని ఆ నీటి మీదే తెలిసింది.

ఒడ్డున ప్రకాశరావు గారు సైకిలు కింద పడేసి రెండు చేతులూ ఊపుతున్నారు. మేం సగం గోదావరి దాటినా ఆపలేదు.

అత్తయ్య కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "పెళ్లి కుదిరినవాళ్లు కూడా ఇంత సంబరపడగా నేను చూళ్లేదే," అంది.