వేళ్లతో చూసే వసంతం

తొంభైల మొదట్లో, తెలుగు నేతవాళ్లు ఎక్కువగా ఉండే షోలాపూర్ అశోక్ చౌక్‌లో బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఆవిడ ఒడిలో పెద్ద అట్ట ఉంది. దానిమీద ఇసుక, బీడీ ఆకు తునకలు, మగ్గాల దగ్గర రాలిన నూలు పోగులు అతికించి, పచ్చరంగు, పసుపు పూసింది. అందులో చెట్టూ లేదు, పువ్వూ లేదు.

“ఇదేం బొమ్మక్కా?” అన్నాను.

“వసంతం. నేనే చేసిన. మా అమ్మ ఇన్నేండ్లు నూలుకు రంగులేసింది. ఇప్పుడు చూపు పోయింది, వేళ్లతోనే చూస్తది. మీరు గూడ కండ్లు మూసి ముట్టుండ్రి.”

ముట్టుకున్నాను. గరుకు ఇసుక దాటగానే వేలికింద మెత్తగా నూలు తగిలింది.

“గదే చిగురు,” అంది.

ఇంతలో ఆవిడ బస్సు వచ్చింది.

ఇప్పటికీ బొమ్మల ప్రదర్శనకు వెళితే, కాపలా మనిషి “ముట్టుకోవద్దు” అని కేకేసేదాకా, నా చెయ్యి ముందుకు సాగిన సంగతి నాకు తెలియదు.