మామూలు రోజుల్లో ఎక్కడుంటుందని అడిగిన సారు

మా సేఫ్టీ సారు పోయారని మూడు వారాల క్రితం టీ వేళ సూపర్‌వైజరు చెప్పాడు. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిపోయిందట. నేను బకెట్టు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాను. ఏడవడానికి ఓపిక లేకపోయింది.

ఆయన మా ఫ్యాక్టరీ మనిషి కాదు. ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. పెద్ద కంపెనీలకు ఇనుప బ్రాకెట్లు చేసి ఇస్తాం. పనివాళ్ల ఆరోగ్యం, భద్రత, చుట్టూ ఉన్న నీరూ గాలీ మేం ఎంతవరకు పట్టించుకుంటున్నామో చూసి రమ్మని ఆ కంపెనీల వాళ్లు ఏటా ఆయన్ని పంపేవారు. మొత్తం ఐదు మెట్లు, ఐదోది అన్నిటికన్నా పైది. మేం ఎన్నో మెట్టు మీద ఉన్నామో ఆయన రాయాలి. నేనక్కడ ఊడ్చి, తుడిచి, టీలు ఇస్తాను.

వచ్చీ రాగానే ఫైళ్లు అడిగేవారు కాదు. ముందు ఆడవాళ్ల బాత్రూం చూసేవారు. తర్వాత వెనక కాలువ దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చుని, నీళ్ల మీద నూనె తేలుతోందేమోనని చూసేవారు. టీ తాగేటప్పుడు కూడా హెల్మెట్ తీసేవారు కాదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. చేతులు లోపలికి పోకుండా ప్రెస్సు మిషనుకి ఇనుప జాలీ బిగిస్తారు. దాన్ని గార్డు అంటాం. అది ఉంటే పని నెమ్మదిస్తుందని మావాళ్లు తీసేసి స్టోరులో పడేస్తారు. సారు వచ్చే ముందు రోజు మళ్లీ బిగిస్తారు. అలా తీసేసిన మిషను మీదే మా షెడ్డులో పనిచేసే ఒక తమ్ముడి వేలు పోయింది. ఇంటి దగ్గర పడ్డాడని రిజిస్టరులో రాశారు.

ఆ ఏడాది సారు గార్డుల బోల్టులు తడిమి చూశారు. కొత్తవి, మెరుస్తున్నాయి. ఓనరు పక్కనే ఉన్నాడు. చీపురు పట్టుకుని ఉన్న నా వైపు తిరిగి, "అమ్మా, మామూలు రోజుల్లో ఇది ఎక్కడుంటాది?" అన్నారు.

మా ఆయన హార్బరులో బోటు పని మానేసి రెండేళ్లయింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అయినా అబద్ధం నోటికి రాలేదు.

"స్టోరులో ఉంటాది సార్. నిన్న నానే తుడిసి ఇచ్చాను."

మాకు రెండో మెట్టే వచ్చింది. "అక్కా, సాక్ష్యాలు సర్చిలో సెప్పుకో. ఇక్కడ సెబితే అందరం రోడ్డున పడతాం," అన్నాడు సూపర్‌వైజరు. నెలాఖరుకి నన్ను మానిపించాలని ఓనరు అనుకున్నాడట. కానీ సారు తన రిపోర్టులో ఒక్కచోట మంచి మార్కు వేశారు: ఊడ్చే మనిషి కూడా ఓనరు ముందు నిజం చెప్పగలిగిందని. వచ్చే ఏడాది ముందుగా ఆవిడతోనే మాట్లాడతానని కింద రాశారు. ఆ ఒక్క వాక్యం వల్ల నా పని నిలబడింది.

మరుసటి ఏడు గేటు దగ్గరే, "ఉన్నావా తల్లీ?" అన్నారు. ఉన్నానన్నాను. ఒక గార్డు మీద వేలు రాసి, అంటుకున్న నల్ల మురికి నాకు చూపించి నవ్వారు. అది రోజూ మిషను మీదే ఉంటోందని అర్థం. మిగతా మూడు మిషన్ల గార్డుల బోల్టులు మళ్లీ కొత్తవే.

"అలిసిపోతన్నానమ్మా," అన్నారు టీ గ్లాసు అందుకుంటూ. "ఫైలు అబద్ధమాడితే నాను పట్టుకోగలను. మనుషులు మాట్టాడ్డం మానేస్తే నాకు దారి లేదు."

పోయిన గురువారం కొత్త సారు వచ్చారు. మంచివారే, టీ ఇస్తే థాంక్స్ చెప్పారు. మధ్యాహ్నం దాకా ఏసీ గదిలో ఫైళ్లు చూసి, ముందు రోజే బిగించిన గార్డులకు ఫోటోలు తీసుకున్నారు. నన్నేమీ అడగలేదు. గుమ్మంలోంచి సూపర్‌వైజరు ఒకసారి నా వైపు చూశాడు. నా కోసం రిపోర్టులో వాక్యం రాసే మనిషి ఇప్పుడు లేడు. కాళ్లు లాగుతున్నాయి. ఎవరికి చెప్పి ఏం లాభం, ఇంటికి పోదామనిపించింది.

కారు స్టార్టయింది. గేటు దాకా ఎలా నడిచానో తెలియదు. తడి చేత్తో అద్దం మీద తట్టాను. కొత్త సారు ఫోనులోంచి తలెత్తారు. అద్దం మెల్లగా కిందికి దిగింది. లోపలి చల్లగాలి నా ముఖానికి తగిలింది.