అవ్వ నాడి పట్టిన రోజులు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న ఏడు నన్ను కన్న అవ్వ మొహం ఉబ్బింది. ఒళ్లు చేసిందనుకున్నాం. తర్వాత మాట మందమైంది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంది. పిండి విసురుతూ విసుర్రాయి మీదే కునుకు తీసేది. ఇంట్లో అందరికంటే చురుకైన మనిషి ఆమె. "కూసుండి తింటే కొండలు గూడ కరుగుతయి" అని చుట్టాలు దెప్పుతుంటే నాకు ఒళ్లు మండేది. నాకప్పుడు పదిహేనేళ్లు. పెళ్లయింది గానీ ఇంకా కాపురానికి పోలేదు.

నిజామాబాద్‌లో డాక్టర్ సాబ్ ఆమె మెడ తడిమి, గొంతులోని గ్రంథి పని మానేసిందన్నాడు. గొర్రె గ్రంథిని ఎండబెట్టి చేసిన గోలీలు తెప్పించి ఇచ్చాడు. మాంసం తినే ఇల్లే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన భయమల్లా మందు ఎక్కువైతే గుండె పరుగెత్తుతుందని.

"రోజు పొద్దుగాల నాడి పట్టు బిడ్డ. నిమిషంల నూరు దాటితే గోలీ బంద్ జేసి నా దగ్గరికి తోల్కరా" అన్నాడు నాతో.

మా ఇంట్లో గడియారం లేదు. ఆయన కాసేపు ఆలోచించి, అవ్వకు నోటికి వచ్చింది ఏదైనా ఉందా అని అడిగాడు. చిన్నప్పుడు కందకుర్తి వీధిబడి అరుగు చివర కూర్చుని నేర్చుకున్న అరవై సంవత్సరాల పేర్లు వచ్చన్నది అవ్వ. ప్రభవ నుంచి అక్షయ దాకా ఈడ్చుకుంటూ చెప్పింది. ఆయన జేబు గడియారం చూసి, నిమిషానికి కాస్త ఎక్కువే పట్టిందని, ఆమె చెప్పి ముగించేదాకా నాడి లెక్కపెడితే సరిపోతుందని నవ్వాడు.

నెల తిరిగేసరికి వాపు దిగింది. రెండో నెలలో గొంతు విచ్చుకుంది. బాపు దుకాణం నుంచి మధ్యలో ఇంటికి వచ్చి, ఆమె మాట్లాడుతుంటే గడపలోనే నిలబడి వినేవాడు. తల్లిని బతికించుకుంటున్న బిడ్డనని నాకు నేనే కితాబిచ్చుకున్నాను.

మూడు నెలలు దాటాక చేతులు వణకడం మొదలైంది. సల్ల పోస్తే సగం నేలపాలు. ఎంత తిన్నా మెడ ఎముకలు తేలాయి. దువ్వెన నిండా వెంట్రుకలు, చలికాలంలో చెమటలు. ఒకసారి బాపు మీదికి గంటె విసిరింది. రోజూ పొద్దున ఆమె సంవత్సరాలు చెప్పేది, నేను మణికట్టు పట్టుకుని లెక్కపెట్టేదాన్ని. తొంభై. తొంభై నాలుగు. ఒక్కనాడూ నూరు దాటలేదు.

"ఈ గోలీ ఒద్దు బిడ్డ. గుండెకాయ బయట వడ్తదేమో అన్నట్టున్నది" అన్నది ఒకరోజు.

"లెక్క మంచిగనే ఉన్నది గదనే అవ్వ. మల్ల గట్లనే ఉబ్బుతవా? మింగు."

"రెండు దినాలు ఆపి సూద్దమే."

"డాక్టర్ సాబ్‌కు తెల్వదా? నీకే తెలుసా?"

ఆమె గోలీ మింగింది. అట్లా ఇంకో పన్నెండు రోజులు మింగించాను.

పదమూడో రోజు పొద్దున బిందె ఎత్తబోయి కూలింది. బాపు, నేను ఆమెను నిజామాబాద్ తీసుకుపోయాం. చేయి పట్టుకోగానే డాక్టర్ సాబ్ మొహం మారింది. నూరు దాటలేదని నేను ఆయనతో వాదించాను. ఆయన గడియారం తీసి, అవ్వను సంవత్సరాలు చెప్పమన్నాడు. రొప్పుతూ, పేరు మీద పేరు పడేస్తూ ఆమె అక్షయకు వచ్చేసింది. ఆయన గడియారం నా వైపు తిప్పాడు. ముప్పై అయిదు సెకన్లు.

మందు గుండెతో పాటు నాలుకనూ పరుగెత్తించింది. పాత చురుకుదనం తిరిగి వచ్చిందని నేను మురిసిపోయాను. ఆమె గుండె ఎంత ఉరికితే మా నిమిషం అంత కురచైంది. నా వేళ్ల కింద ఆ ఉరుకు తెలియలేదా అంటే, తెలిసింది. లెక్కను నమ్మాను, వేళ్లను నమ్మలేదు.

గోలీలు ఆపారు. గుండె మాత్రం దారికి రాలేదు. తొమ్మిదో రోజు ఆమె నా చేతిని చెంపకు ఆనించుకుంది.

"నువ్వు మంచిగనే లెక్కవెట్టినవ్ బిడ్డ. నేనే జల్ది జల్ది సదివిన."

ఆ సాయంత్రం పోయింది. ఆయుష్షు అంతేనన్నారు చుట్టాలు. మందును నేను తిట్టను, మూడు నెలలు మా అవ్వను మాకు తిరిగిచ్చింది అదే. ఆపమని ఆమె బతిమాలితే కసిరి మింగించింది నేను.