మరకల మాస్టారు, కూతురి మొహం

బట్టమీద మరక కనబడితే చాలు, ఆయనకు పూనకం వచ్చేది. బట్టలుతికే షాపు పెట్టుకున్నాక వీధి ఆయనకు మరకల మాస్టారని పేరు తగిలించింది. వెటకారానికి అన్న మాటను బిరుదనుకుని మురిసిపోయాడు మహానుభావుడు. మనిషి ఎదురైతే మొహం కన్నా ముందు కాలరు చూసి పెదవి విరిచేవాడు. ఆయన లెక్కలో లోకంలో సగంమంది మురికివాళ్లు, మిగతా సగం మురికి వదిలించుకోవడం చేతకాని దద్దమ్మలు.

తన మొహం కూడా బట్టల సబ్బుతో, కాలర్లు తోమే బ్రష్షుతోనే తోముకునేవాడు. చర్మం పాత గోడ సున్నంలా పొట్టు రాలుతున్నా "శుభ్రమంటే ఇదీ!" అని దవడ చరుచుకునేవాడు. ఎదురు చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

అలాంటి ఇంట్లో, స్కూల్లో చదువుతున్న కూతురికి మొటిమలు వచ్చాయి. ఆ వయసులో ఎవరికైనా వస్తాయి. మాస్టారికి మాత్రం అవి మరకలు.

"మొహం కడుక్కోవడం కూడా రాదటే నీకు? షాపుకొచ్చేవాళ్లు చూస్తే నా పరువేం కాను?"

రోజూ పొద్దున్నే పిల్లను కుళాయి దగ్గర నిలబెట్టి, మెడ పట్టుకుని, పొగలు కక్కే నీళ్లతో, బట్టల సబ్బుతో, గరుకు తువ్వాలుతో రుద్దేవాడు. ఏడిస్తే, "మురికి వదిలేటప్పుడు అలాగే ఉంటుంది" అనేవాడు. సిగ్గు లేకపోతే సరి!

మొటిమలు తగ్గలేదు సరికదా, చిట్లి పుండ్లు పడ్డాయి. స్కూలు నాటకంలో పిల్లది ముఖ్యమైన వేషం. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్నది. ఇక స్టేజీ ఎక్కనని ముసుగు తన్ని పడుకుంది.

"ఏమండీ, డాక్టరుకు చూపిద్దాం" అంది తల్లి.

"మొహం కడగడానికి డాక్టరా? రేపు మూతి తుడవడానికి ఇంజనీరును పిలుస్తావేమో!"

ఆవిడ ఆ కూతలు పట్టించుకోకుండా పిల్లను తీసుకెళ్లింది. మొటిమలు మురికివల్ల రావనీ, తోమితే ఇంకా రేగుతాయనీ చెప్పి డాక్టరు మందు రాసిచ్చాడు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గోరువెచ్చని నీళ్లతో కడగాలి. సున్నితమైన ఫేస్‌వాష్ కొంచెం తీసుకుని వేళ్ల కొసలతో మెల్లగా రాసి కడిగెయ్యాలి. మెత్తని గుడ్డతో అద్దాలి, తడి పూర్తిగా ఆరకముందే, చర్మం పొడిబారకుండా క్రీము రాయాలి. గిల్లకూడదు.

ఇది విని మాస్టారు పగలబడి నవ్వాడు. "మొహం కడగడమా ఇది, బుజ్జగించడమా?"

అప్పుడాయన ఎవరిదో పట్టు గౌను మీద పడిన టీ మరకను తడిగుడ్డతో ఊపిరి బిగబట్టి అద్దుతున్నాడు.

"దానికి బ్రష్షు వెయ్యరేం?" అంది భార్య.

"పిచ్చిదానా, పోగులు లేచిపోవూ! పట్టు మీద అద్దాలే గాని రుద్దకూడదు."

"ఎవరి గౌనో గాని పెట్టి పుట్టింది. నా కూతురు ఆపాటి పుణ్యం చేసుకోలేదు."

పోనీ అప్పుడైనా మాస్టారు తప్పు ఒప్పుకున్నాడా? ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదని దాన్ని తిట్టుకున్నాడు. మర్నాటినుంచి తల్లీకూతుళ్లు స్నానాలగది తలుపు లోపల గడియ వేసుకున్నారు. ఆయన బయట నిలబడి కాసేపు తలుపు బాది, వెక్కిరించి, విసుగొచ్చి షాపుకు పోయేవాడు.

వారాలు గడిచాయి. పుండ్లు మానాయి. గులాబీ రంగు మచ్చలు, అక్కడక్కడా ఓ మొటిమ మిగిలినా పిల్ల మళ్లీ రిహార్సల్స్‌కు వెళ్లింది. నాటకం రోజున హాలంతా చప్పట్లే.

"మా అమ్మాయే! శుభ్రం నేర్పింది నేనే" అన్నాడు మాస్టారు పక్క కుర్చీ ఆయనతో. ఎంత సిగ్గుమాలినవాడైతే ఆ మాట నోట వస్తుంది!

రొమ్ము విరుచుకుని స్టేజీ వెనక్కి వెళ్లాడు. రంగు కడుక్కుని, మెత్తని గుడ్డతో చెంపలు అద్దుకుంటూ పిల్ల స్నేహితురాళ్లతో విరగబడి నవ్వుతోంది. ఆయనకు నిజంగానే ముద్దొచ్చింది. "బంగారుతల్లీ!" అంటూ బుగ్గ నిమరబోయాడు.

పిల్ల నవ్వు ఆగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

"కడుక్కున్నాను నాన్నా, నిజంగా కడుక్కున్నాను."