సోడి కన్నయ్య మోపెడ్ లోను

1991 ఎండాకాలం. కోంటాలో బ్యాంకుకు ఎదురుగా రేకుల పందిరి కింద నా బల్ల ఉండేది. బల్ల మీద ఒక టైపు మిషను, కార్బన్ కాగితాలు, ఒక నీళ్ల సీసా. అర్జీలు రాయడం నా వృత్తి. అప్పటికి మాది మధ్యప్రదేశ్, బస్తరంతా ఒకే జిల్లా. నేను పుట్టింది మాత్రం బస్తర్ స్టేట్‌లో, రాజుగారి పాలనలో. ఆ స్టేటు మా ఊరికి బడి ఇవ్వలేదు. ఆ తర్వాత వచ్చిన సర్కారు బడి పెట్టేనాటికి నాకు మీసాలొచ్చాయి. భద్రాచలం నుంచి సరుకులు చుట్టుకొచ్చిన పాత పత్రికల మీద తెలుగు, సర్కారు కచేరీ గోడకు అంటించిన నోటీసుల మీద హిందీ కూడబలుక్కుని నేర్చుకున్నాను. అయినా అందరూ నన్ను పంతులనే పిలిచేవాళ్లు. బడి మెట్టెక్కని వాణ్ణి అలా పిలుస్తుంటే మొదట్లో సిగ్గేసేది. బ్యాంకులో డిగ్రీలవాళ్లు రాసే కాగితాలు చూశాక ఆ సిగ్గు పోయింది.

మా దగ్గరికి వచ్చే జనం ఇంట్లో దొర్లీ మాట్లాడతారు, సంతలో తెలుగు మాట్లాడతారు. బ్యాంకు మాట్లాడేది హిందీ. వాళ్లు చెప్పింది విని, బ్యాంకుకు అర్థమయ్యే భాషలో పెట్టడం నా పని. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి అందులో నాకు తిరుగులేదని నా నమ్మకం.

సోడి కన్నయ్య మార్చి నెలలో వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడి ఎడమకాలు పనికిరాకుండా పోయింది, కర్ర ఊతంతో నడుస్తాడు. సంత సంతకూ తిరిగి గొడుగులు, తాళాలు, టార్చిలైట్లు, రేడియోలు బాగుచేస్తాడు. అతని వెనక అతని భార్య రాజమ్మ, నెత్తిన ఇనప పెట్టెతో నిలబడి ఉంది. పెట్టెలో పనిముట్లు.

"పంతులన్నా, ఓ మోపెడ్ కొనుక్కోవాలె. లోను కాయితం రాయి," అన్నాడు కన్నయ్య.

"ఎప్పటికి కావాలి?"

"వానల్లోపే," అంది రాజమ్మ. కొంగు కొంచెం పక్కకు జరిపి తన కడుపు చూపించింది. "నాకు నాలుగో నెల. వానలకు నిండుతది. అప్పుడు ఈ పెట్టె ఎవలు మోస్తరు? ఈయన మోయడు, పెట్టె నడవదు."

"మోయలేననే అన్న, మోయననలే," అన్నాడు కన్నయ్య.

"రెండింటికీ మోసేది నేనే గద."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వి కాగితం ఎక్కించాను. కొటేషను, అంటే బండి ధర ఇంత అని దుకాణంవాడు రాసిచ్చే కాగితం, కన్నయ్య ముందే జగదల్‌పూర్ నుంచి తెప్పించుకున్నాడు. దాన్ని దరఖాస్తుకు గుచ్చి, కన్నయ్యను వెంటబెట్టుకుని బ్యాంకులోకి వెళ్లాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏ దరఖాస్తయినా రెండు ప్రతులు తీసి, ఒకటి లోపల ఇచ్చి, రెండోదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఉన్న ప్రతినే మా దగ్గర పావతీ అంటారు. అది లేకపోతే దరఖాస్తు ఇచ్చినట్టే కాదు. నేను కోంటాలో అందరికీ చెప్పే మొదటి సంగతి అదే. కానీ ఆ రోజు లోను బాబు, అంటే లోన్ల ఫైళ్లు చూసే గుమాస్తా, నాకు కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఇరవై ఏళ్లలో ఆ బ్యాంకులో నాకు కుర్చీ వేసినవాళ్లు లేరు. ఆ సంబరంలో టీ తాగి, ముద్ర వేయించుకోకుండా బయటికొచ్చాను.

ఆ తర్వాత కన్నయ్య పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మొదటిసారి ఫోటో లేదన్నారు. ఫోటో తెస్తే అందులో నెత్తిన టోపీ ఉందన్నారు. టోపీ తీసి మళ్లీ ఫోటో దిగితే పట్వారీ కాగితం కావాలన్నారు. ఊళ్లో నిజంగా ఉంటున్నాడని ఊరి భూముల లెక్క చూసే పట్వారీ రాసివ్వాలట. పట్వారీ దొరికేసరికి పూచీ ఉండే జామీను ఎవరన్నారు. జామీనును వెంటబెట్టుకొస్తే సారు మీటింగుకు వెళ్లాడు, కల్ ఆనా, రేపు రమ్మన్నారు. ఆ రేపు కోసం కన్నయ్య కర్ర పోటేసుకుంటూ వచ్చి, బస్సు దొరక్క, రెండు రాత్రులు నా పందిరి కిందే పడుకున్నాడు.

ఒకరోజు లోను బాబు అతని కాలు చూసి, "నువ్వు నడవడమే కష్టం, బండెలా నడుపుతావు?" అన్నాడట.

"నడవలేకనే గద సారూ బండి అడిగేది!" అన్నాడట కన్నయ్య.

ఏడోసారి వెళ్లినప్పుడు ఆ బాబు బీరువా తలుపు మూసి, నీ పేరున ఫైలే లేదు పొమ్మన్నాడు.

కన్నయ్య వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. "పావతీ ఉంటది గద అన్నా, చూపిద్దాం," అన్నాడు. నా దగ్గర ముద్ర లేని ప్రతి ఉంది. బ్యాంకు వాళ్లను తిట్టిన తిట్లలో సగం నాకే చెందుతాయని నాకు తెలుసు.

మూడు రోజులు ఓర్చుకుని, ఆ ముద్ర లేని ప్రతిని సంచిలో పెట్టుకుని కన్నయ్య ఊరికి బయల్దేరాను. వాళ్లది గొల్లపల్లి దారిలో ఉన్న ఊరు. తప్పు నాదని చెప్పి, మళ్లీ మొదటినుంచి ఊరికే రాసిస్తానని చెప్పాలి. నేను వెళ్లేసరికి ఊళ్లో విత్తనాల పండుగ. వాళ్ల భాషలో విజ్జ పండుమ్ అంటారు. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చేపోయే బండినల్లా ఆపి ఏదో ఒకటి ఇప్పించుకుంటారు. ఇవ్వనివాడి మీద కుండెడు నీళ్లు గుమ్మరిస్తారు. ఆ రోజు కలెక్టరొచ్చినా ఆగాల్సిందే. కన్నయ్య వేటకు పోలేడు గనక ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరిదో గొడుగు కుడుతున్నాడు. నా మాట పూర్తిగా వినకుండానే, "ముందు కల్లు తాగు అన్నా, పండుగపూట తప్పులు ఒప్పుకోవద్దు," అని ముంత చేతిలో పెట్టాడు.

అంతలో రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడు. తొంగి చూస్తే బ్యాంకు జీపు! గొల్లపల్లి పోతోంది. ముందు సీట్లో మేనేజరు, బిలాస్‌పూర్ వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. వెనక సీట్లో మన లోను బాబు. బొంగు పట్టుకుని నిలబడ్డ ఇరవై మంది ఆడవాళ్లలో అందరికన్నా ముందు రాజమ్మ.

ఆమె లోను బాబును చూసింది. ముఖం వెలిగిపోయింది.

"ఓహో, లోను బాబా! రా సారూ రా. ఫోటో తెచ్చినవా?"

బాబు చిల్లర తీసి చెయ్యి బయటపెట్టాడు. రాజమ్మ ఆ చేతిని మళ్లీ జీపులోకే తోసింది.

"చిల్లర తర్వాత. దాటాలంటే ఫోటో గావాలె. టోపీ లేకుండ దిగింది."

పక్కనున్న ముసలామె అందుకుంది. "పట్వారీ కాయితమేది బిడ్డా?"

"జామీను ఎవలు? ఈ ఊర్ల నీకు జామీనుండేటోళ్లు ఎవలన్న ఉన్నరా?" అంది రాజమ్మ.

బాబు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు స్టీరింగు వదిలేసి దండం పెట్టాడు. "నన్ను ఇందులోకి లాగొద్దు తల్లీ!"

"జామీను లేదా? అయితే ఇయ్యాల కాదు. సారు మీటింగుకు పోయిండు. కల్ ఆనా!"

ఆ చివరి రెండు మాటలూ బాబు గొంతుతోనే అచ్చంగా అంది. ఆడవాళ్లంతా ఒకేసారి "కల్ ఆనా! కల్ ఆనా!" అంటూ పాట ఎత్తుకున్నారు. నేను అరుగు మీంచి దిగి దగ్గరికి వెళ్లాను. మేనేజరుకు తెలుగు రాదు, నేను తెల్లచొక్కాలో కనబడేసరికి హిందీలో అడిగాడు, వీళ్లేమంటున్నారని.

నేను ఒక్క ముక్క తగ్గించకుండా, ఒక్క ముక్క కలపకుండా అంతా చెప్పాను. "ఇవన్నీ ఈమె మొగుడు లోను కోసం తిరిగి తిరిగి మీ బ్యాంకులో నేర్చుకున్న మాటలే సాబ్," అని కూడా అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఎవరిది ఈ ఫైలు?"

"అలాంటి ఫైలే రాలేదు సార్," అన్నాడు బాబు.

నేను సంచిలోంచి ప్రతి తీసిచ్చాను. బాబు మెడ చాచి చూశాడు. "దీనిమీద ముద్ర లేదు సార్. ఇలాంటిది ఎవరైనా ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు."

ముద్ర మాట నిజమే. మేనేజరు కాగితం చదవడం మొదలుపెట్టాడు. పాట ఆగింది.

"దాంట్ల ఏం రాసినవ్ పంతులూ? మాకూ సదువు," అంది రాజమ్మ.

నేను గొంతు సవరించుకుని తెలుగులో చెప్పాను. అర్జీదారు పేదవాడు, అంగవికలుడు. స్వయం ఉపాధి నిమిత్తం మోపెడ్ కొనదలచాడు. తమరు దయతలచి లోను మంజూరు చేయగలరని ప్రార్థన.

"ఇంకా?"

"అంతే."

"పెట్టె ముచ్చట రాయలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నా ముచ్చట? నేను మోస్తున్న ముచ్చట?"

లేదు. నాలుగు లైన్లు. ఇరవై ఏళ్లుగా బావికి, బర్రెకు, కుట్టు మిషనుకు, అన్నింటికీ ఆ నాలుగు లైన్లే, వస్తువు పేరు మార్చి కొట్టేవాణ్ణి. బ్యాంకు మనిషిని చూడదని అందరి ముందూ అరిచేవాణ్ణి. నా బల్ల ముందు ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె నిలబడితే నేను మాత్రం చూశానా?

రాజమ్మ నాకేసి ఒక చూపు చూసి ఇంట్లోకి వెళ్లింది. ఇద్దరు ఆడవాళ్లు పెట్టెను ఆమె నెత్తికెత్తారు. తీసుకొచ్చి జీపు ముందు దింపింది.

"సారుకు చెప్పు పంతులూ. మా ఆయన దుకాణం ఇదే. ఎత్తి చూడమను."

చెప్పాను. మేనేజరు జీపు దిగాడు. చొక్కా చేతులు మడిచి పెట్టెను నడుం దాకా లేపాడు.

"ఆడ కాదు, నెత్తి మీద!" అని కేకలు. రాజమ్మ తన చుట్టకుదురు తీసి ఆయన తలమీద పెట్టింది. ముసలామె, ఇంకొకామె కలిసి పెట్టెను దానిమీదికెక్కించారు. ఆయన మెడ కుంగింది. జేబులోంచి పెన్ను జారి దుమ్ములో పడింది. అడుగు, ఇంకో అడుగు, బొంగు ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. లోపల పట్టకార్లు, సుత్తులు గలగలలాడాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టి, పెట్టె దింపీ దింపగానే ఆయన నెత్తిన రెండు కుండలు గుమ్మరించారు. పెద్దమనిషి, కోపం వస్తుందనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

నవ్వు తగ్గాక అడిగాడు, "ఈమె ఇది ఎక్కడిదాకా మోస్తుంది?"

"గొల్లపల్లి సంత దాకా సాబ్. సాయంత్రం మళ్లీ ఇంటిదాకా."

ఆయన రాజమ్మ కడుపు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "బాబూ, ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ రాయి. ఇక్కడే," అన్నాడు. లోను ఇచ్చేముందు బ్యాంకు వాళ్లు వచ్చి కళ్లారా చూసి రాసుకునే రిపోర్టు అది. బాబుకు కూడా వంతు ప్రకారం కుండ పడింది. జీపు బానెట్ మీద వంగి రాస్తుంటే ముక్కు కొసనుంచి నీళ్లు కాగితం మీద పడుతున్నాయి. ముసలామె జాలిపడి తన కొంగుతో అతని తల తుడిచింది. "మంచిగ రాయి బిడ్డా, తప్పుల్లేకుండ," అంది. అతనూ నవ్వాడు. మేనేజరు నా ప్రతిమీద తేదీ వేసి సంతకం పెట్టాడు. అప్పుడు గానీ బొంగు లేవలేదు.

ఆ తర్వాతి వారానికే సాంక్షన్, అంటే మంజూరు కాగితం వచ్చింది. ఇంకో పన్నెండు రోజులకు జగదల్‌పూర్ నుంచి లారీ మీద మోపెడ్ దిగింది. తొలి వాన ఇంకా పడలేదు. కన్నయ్య రబ్బరు తాళ్లతో పెట్టెను వెనక కట్టి, కర్రను హ్యాండిలుకు కట్టి, నా పందిరి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మూడోసారి బ్రేకు పడక బల్లను గుద్ది నీళ్ల సీసా పడేశాడు. రాజమ్మ ఉత్త చేతులతో, ఉత్త నెత్తితో నిలబడి చూస్తోంది.

"ఎట్లుందమ్మా?" అని అడిగాను.

"ఏందో పంతులూ, బరువు లేకుంటే నడకే కుదుర్తలేదు. గాలికి ఎగిరిపోతనేమో అన్నట్టుంది," అని, నడవబోయి నిజంగానే కాస్త తూలి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మర్నాడు ఒక రైతు పంపుసెట్టు లోనుకు వచ్చాడు. అలవాటు కొద్దీ కాగితం ఎక్కించి 'అర్జీదారు పేదవాడు' దాకా కొట్టాను. అక్కడ ఆగి, కాగితం లాగి పారేశాను. పొద్దున లేచింది మొదలు నీళ్ల కోసం ఏం చేస్తావో చెప్పు అన్నాను. అతను చెప్పడం మొదలుపెట్టాడు. బిందెలు, గట్టు, ఎంత లోతు, ఎవరు తోడతారు, ఎవరు మోస్తారు. బ్యాంకు వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు, పోదు కూడా. కానీ మనిషిని చూడని కాగితాన్ని బ్యాంకు కన్నా ముందు నేనే తయారుచేశానని ఆ పండుగ రోజు నేర్చుకున్నాను. ఆ రైతు అర్జీ రెండు పేజీలొచ్చింది. చదివి వినిపించాను. "ఇది నా గురించేనయ్యా," అన్నాడు అతను.