ఖబూరాలో కాఫీ ప్రసంగం

ఒక్క పూటలో నలుగురు విదేశీయులకు రెండు రోజుల నిద్ర లేకుండా చేసి, ఒక పెద్దమనిషి చెయ్యి పడిపోయేలా చేసి, చేతికొచ్చిన డ్యూటీని నా నోటితోనే పోగొట్టుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, పర్లేదు. మా రూమ్‌లో వాళ్లు ఇప్పటికే నవ్వేశారు.

అప్పటికి నేను ఒమన్‌లో, మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లో నీళ్ల ట్యాంకర్ తోలుతున్నాను. మా కంపెనీకి టూరిస్టు బండ్లు కూడా ఉన్నాయి. ఏసీ బండి, ఇస్త్రీ చొక్కా, అబ్బో! ఆ డ్యూటీ కోసం ప్రాణం కొట్టుకునేది. ఆర్నెల్లు వెంటపడితే మా సూపర్‌వైజర్ రెడ్డన్న చివరికి కరిగాడు. ఆయనది కడప.

“ఒక్క ట్రిప్పు ఇచ్చాండా, నలుగురు టూరిస్టులు. ఖబూరాలో సాలిం సాబ్ అని ఒమానీ పెద్దాయన ఇంట్లో కాఫీ, పది నిమిషాలు. నాలుగ్గంటలకంతా మస్కట్‌లో పడవెక్కియ్యల్ల. పడవ తప్పిందంటే మళ్లా నీకు ట్యాంకరే. ఇంగోటి, ఆ పెద్దాయన ఏమిచ్చినా కాదనాకు.”

“ఫికర్ జెయ్యకన్నా, నేను జూస్కుంట” అన్నాను.

ఊరికే చూసుకుంటే నేనెందుకవుతాను? వారం రోజులు ఫోన్ పట్టుకుని, కాఫీ అనే మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ బట్టీ పట్టాను. అరబ్బుల ఖహ్వా తుర్కీకి పోయి కహ్వే అయింది. ఇటలీలో కఫ్ఫే, ఫ్రాన్సులో కఫే, జర్మనీలో కాఫే, హాలెండులో కోఫీ, ఇంగ్లండులో కాఫీ. పదో తరగతిలో ఇంత చదివుంటే ఒమన్ రావాల్సిన పనే ఉండేది కాదు.

బండిలో జర్మనీ దంపతులు, ఇటలీ టీచరమ్మ, హాలెండ్ తాత. సాలిం సాబ్ ఇంటి గుమ్మం ముందే వాళ్లకు గట్టిగా చెప్పాను, “ఇక్కడ మర్యాదలు ఎక్కువ. నేనేం చేస్తే మీరూ అదే చేయండి.”

తివాచీ మీద కూర్చున్నాం. సాలిం సాబ్ ఖర్జూరాలు పెట్టి, పిడి లేని బుల్లి కప్పుల్లో కాఫీ పోశాడు. నేను ప్రసంగం మొదలుపెట్టాను. తాగేసిన కప్పు చేతిలోనే ఉంది. ఆయన మళ్లీ పోశాడు. తాగాను. నలుగురూ తాగారు.

“మా కోఫీ నుంచే ఇంగ్లీషువాళ్లకు కాఫీ వచ్చింది” అని హాలెండ్ తాత తొడ చరిచాడు.

“మీకు మాత్రం మా కఫ్ఫే నుంచి రాలేదా?” అంది టీచరమ్మ.

ఇంక చూడండి, నాకు ఊపొచ్చింది. ఇద్దరికీ సర్దిచెబుతూ కప్పు చాపాను. ఆయన పోశాడు. కాఫీ కూజా రెండుసార్లు లోపలికెళ్లి నిండి వచ్చింది.

“ఇంకా తాగాలా?” అంది జర్మనీ ఆవిడ నీరసంగా.

“తాగాలి మేడమ్. కాదంటే పెద్దాయన బాధపడతాడు.”

పద్నాలుగో కప్పు దగ్గర గడియారం చూశాను. రెండున్నర! మస్కట్‌కు రెండు గంటల దారి. ఏసీ బండి, ఇస్త్రీ చొక్కా రెండూ కళ్లముందే పోతున్నాయి. లేద్దామంటే ఆయన ఇంకా పోస్తున్నాడు, కాదనకూడదాయె.

సాలిం సాబ్‌కు హిందీ బాగా వచ్చు. “బేటా, ఇంకా పొయ్యనా?” అన్నాడు.

“మీ ఇష్టం బాబా” అన్నాను వినయంగా.

“నా ఇష్టమా? నా ఇష్టమైతే గంట కిందటే ఆపేవాణ్ణి! కప్పు ఇటూ అటూ ఊపి ఇవ్వు నాయనా. ఊపేదాకా పోస్తూనే ఉండాలి, అది మా పద్ధతి. నా మోచెయ్యి పడిపోయింది.”

సిగ్గుతో చచ్చిపోయాను. కప్పు ఊపాను. నలుగురూ ఒక్కసారే ఊపారు. జర్మనీ ఆవిడ చేతులైతే మస్కట్ దాకా ఊగుతూనే ఉన్నాయి.

ఆ మస్కట్ కూడా తొందరగా వస్తేనా! అన్ని కప్పులు తాగిన ఐదుగురం కదా, దారిలో ఒక్క పెట్రోల్ బంకునీ వదల్లేదు. మేం చేరేసరికి ఐదున్నర. ఒడ్డున పడవ లేదు, రెడ్డన్న ఉన్నాడు.

పాపం, టీచరమ్మ నన్ను కాపాడాలని ముందుకొచ్చింది. “ఇతన్నేమీ అనకండి. చాలా తెలివైనవాడు. కాఫీని ఏడు భాషల్లో చెప్పాడు.”

రెడ్డన్న నా చేతిలోంచి ఏసీ బండి తాళాలు తీసుకున్నాడు.

“ఏడు భాషల్లో కాఫీ అనేది నేర్చుకున్యావు. ఒక్క భాషలోనన్నా చాలు అనేది నేర్చుకోల్యా?”

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఇంటికి పోయినా ముందు కప్పు ఊపుతాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.