రేకుల మిషన్ మీద గాటు

బందరులో రోల్డుగోల్డు పని చేసే ఇళ్లలో పెరిగినవాళ్లకి, రేకు సాగదీసే చేతి మిషన్ గుర్తుండే ఉంటుంది. నాన్న నాకు వదిలివెళ్లిన మిషన్ కొనడానికి ఇవాళ ఒకాయన వచ్చి, రాగిరేకు పెట్టి తిప్పి చూశాడు. ఆ నూనె వాసనకే చేతులు వెనక్కి లాక్కున్నాను.

తొమ్మిదేళ్లప్పుడు పిడి తిప్పేది నేను, రేకు అందించేది అమ్మ. ఒకరోజు "ఆపవే, ఆపు" అని అమ్మ అంటున్నా, ఆటకి తొందరై ఇంకో చుట్టు తిప్పేశాను. అమ్మ వేలు నలిగిపోయింది. ఆమె ఉక్కు ఉంగరం రోలరు మీద గాటు పెట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో సాగిన ప్రతి రేకు మీదా ఆ గీత పడేది. ఎవరు తలుపు వేస్తున్నా వేళ్లు జాగ్రత్తని ఇప్పటికీ అరుస్తాను.

వచ్చినాయన రేకు మీది గీత చూసి, "రోలరుకి సాన పట్టిస్తే పోతుంది లెండి, అమ్మగారూ" అన్నాడు.

వినగానే ముందు హాయిగా అనిపించింది. ఆ హాయికే భయమేసి, మిషన్ ఇవ్వనని చెప్పి పంపేశాను.